వాటాదారుల సముద్రం

సహకార సంఘం అన్న మాట ఎత్తితే చాలు, మన అభ్యుదయ శిబిరంలో రెండు రకాలవాళ్లు లేచి నిలబడతారు. అదే సోషలిజానికి మొదటి మెట్టు అని చేతులు జోడించేవాళ్లు కొందరు. అది చిన్న ఆస్తిపరుల చీట్ల కంపెనీ అని మూతి విరిచేవాళ్లు మరికొందరు. ఈ ఇద్దరూ ఒకరినొకరు ఎంత తిట్టుకున్నా వాళ్లలో ఒక పోలిక వుంది: ఇద్దరూ లెక్కల పుస్తకం తెరవరు.

మొదటి రకానికి చెందిన మిత్రుడొకాయన, ఉపాధ్యాయుడు, దక్షిణ ఫ్రాన్సు చూసి వచ్చి నాకు పెద్ద ఉత్తరం రాశాడు. మధ్యధరా సముద్రపు వొడ్డున ఒక చోట వైన్ చేస్తారట, అక్కడే భోజనం పెడతారట, ఆ వొడ్డులోనూ ఆ కొండల్లోనూ ప్రజలకు వాటా వుందట. మనం ఇక్కడ మీటింగుల్లో చెప్పుకునేదాన్ని వాళ్లు అక్కడ బల్లమీద వడ్డిస్తున్నారట. నాకూ ఆ ప్రాంతానికి వెళ్లే అవకాశం వచ్చింది. వెళ్లాను, చూశాను, తిన్నాను. ఇది ఆయనకు జవాబు. ఆయన పేరు చెప్పను. ఆయన ఒక్కడే ఆ మాట అనివుంటే ఈ వ్యాసం అవసరమే వుండేది కాదు.

స్పెయిన్ సరిహద్దుకు కాస్త ఇవతల, పిరనీస్ కొండలు సముద్రంలోకి దిగిపోయే చోట నాలుగు ఊళ్లున్నాయి: కొల్లియూర్, పోర్ వాంద్ర్, బన్యుల్స్, సెర్బేర్. పెర్పిన్యాన్ నుంచి రైలు ఈ నాలుగింటినీ కలుపుతూ పోతుంది. ఆ కొండలు పలకరాయి కొండలు. వాటిని మెట్లుమెట్లుగా చెక్కి, సున్నం చుక్క లేకుండా రాయిమీద రాయి పేర్చి గోడలు కట్టి, ఆ మెట్లమీద ద్రాక్ష వేశారు. వాన కురిస్తే మన్ను కొట్టుకుపోకుండా నీరు వాలుగా దిగటానికి రాతి కాలవలు కట్టారు. పైనుంచి చూస్తే అవి కోడి పాదంలాగా చీలి వుంటాయి, అక్కడి కాటలాన్ భాషలో వాటి పేరు కూడా అదే, కోడికాలు. ఉత్తరపు గాలి లేచిందంటే మనిషిని నిలవనివ్వదు. ఆ వాలుమీద యంత్రం నడవదు. గొప్పుతవ్వినా చేత్తోనే, కోసినా చేత్తోనే, మోసినా వీపుమీదనే, లేకపోతే కంచరగాడిద మీద. ఎకరాకు వచ్చే రసం చాలా తక్కువ. ఆ కొండ చూసినవాడెవడూ వైన్ అనేది విలాస వస్తువు అని తేలిగ్గా అనలేడు. తాగేవాడికి విలాసం కావచ్చు.

బన్యుల్స్ పేరుతోనే పిలిచే అక్కడి వైన్ తియ్యనిది. పులుస్తున్న రసంలో మధ్యలో సారాయి పోసి పులుపును ఆపేస్తారు, అందుచేత ద్రాక్షలోని తీపి కొంత మిగిలిపోతుంది. 1936లో దాని హద్దులనూ పద్ధతినీ చట్టం నిర్ణయించింది. మేలు రకం కనీసం 30 నెలలు చెక్కపీపాల్లో ముగ్గాలి. కొంత వైన్‌ను పెద్ద పెద్ద గాజు జాడీల్లో పోసి ఆరుబయట ఎండకూ చలికీ వదిలేస్తారు. రుచి ఎండు ఖర్జూరాన్నీ పాత బెల్లాన్నీ గుర్తుచేస్తుంది. దూబగుంట స్త్రీలు 1992లో సారా పాకలమీదికి వెళ్లిన నేలనుంచి వచ్చినవాడివి, వైన్ రుచి వర్ణిస్తావా అని అడిగేవాళ్లుంటారు. అడగవలసిందే. ఆ స్త్రీలు పోరాడింది కూలి డబ్బును గుంజుకునే కాంట్రాక్టరుమీదా, అతనికి వెనక నిలబడిన ఖజానామీదా. 1995లో నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు, ఖజానా నిలిచింది. పానీయం వెనక ఎవరి పెట్టె నిండుతోందన్నదే నా ప్రశ్న కూడా.

పోర్ వాంద్ర్‌కూ బన్యుల్స్‌కూ మధ్య పోలీయ్ అని ఒక అఖాతం వుంది. మిత్రుడు మురిసిపోయింది ఇక్కడే. మూడువైపులా ద్రాక్షకొండలు, మధ్యలో చిన్న ఇసుక తీరం, పక్కనే వైన్ చేసే చోటు, బయట చెట్లకింద బల్లలు. నేనూ కూర్చున్నాను. చేప బాగుంది. అలలు బల్లదాకా రావుగాని చప్పుడు వస్తుంది. ఇంత అందమైన చోట కూర్చున్నవాడికి ఆస్తి సంబంధాలు గుర్తుకు రావటం కష్టమే, మిత్రుడి తప్పేమీ లేదు.

కాని విడదీసి చూడండి. కాళ్లకింది ఇసుక రాజ్యానిది. ఇసుకకు వెనకవున్న పాత ఫ్యాక్టరీ స్థలం తీర పరిరక్షణ సంస్థది, అది 1975లో పుట్టిన ప్రభుత్వ సంస్థ, అది కొన్న నేలను తిరిగి అమ్మటానికి వీల్లేదు. వైన్ చేసే చోటూ బల్లలూ ఖాసగీ ఆస్తి, ఒక కుటుంబం చేతిలోంచి 2012లో అంతకన్న పెద్ద సంస్థ చేతికి పోయింది. ఇక చుట్టుపక్కల ఊళ్ల కొండమెట్లలో చాలాభాగం చిన్న రైతులవి, వాళ్లలో అనేకులు బన్యుల్స్ సహకార సంఘంలో సభ్యులు. రాజ్యం, కంపెనీ, సంఘం, ముగ్గురూ ఒక్క చూపులో ఇమిడిపోతారు. మిత్రుడు ఈ మూడింటినీ కలిపి "ప్రజల వాటా" అని ఒకే పద్దు రాసేశాడు. షావుకారు కూడా లెక్కలు ఇలా రాయడు.

ముందు ఆ ఫ్యాక్టరీ సంగతి. 1870లో ప్రష్యా సైన్యాలు ఫ్రాన్సుమీద పడ్డప్పుడు గాంబెత్తా ప్రభుత్వానికి డైనమైట్ కావలసివచ్చింది. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ భాగస్వామి పోల్ బార్బ్ శత్రు సరిహద్దుకు బహుదూరంగా, కొండలచాటున వున్న ఈ అఖాతాన్ని ఎంచుకున్నాడు. యుద్ధం ముగిసింది, ఫ్యాక్టరీ ముగియలేదు, 1984దాకా నడిచింది. బార్బ్ 1887లో వ్యవసాయ మంత్రి అయ్యాడు. చనిపోయాక పనామా కాలవ కుంభకోణంలో అతని పేరు బయటపడింది. అక్కడ పనిచేసినవాళ్ల పేర్లు బయటపడటానికి ఇంకా చాలా కాలం పట్టింది. గుళికలు చుట్టినవాళ్లలో స్త్రీలు వున్నారు. నైట్రోగ్లిజరిన్ చర్మంగుండా రక్తంలోకి పోతుంది, తల పగిలేట్టు నొప్పి పెడుతుంది, రక్తనాళాలు దానికి అలవాటుపడతాయి. ఆదివారం సెలవుపెట్టి ఇంట్లో వున్న మనిషికి ఆ అలవాటు తప్పటంతో గుండె ఆగిపోయేది. డైనమైట్ కార్ఖానాల్లో సోమవారపు చావులని వైద్యులే పేరుపెట్టారు. విశ్రాంతి తీసుకున్నందుకు చచ్చిపోయే ఉద్యోగం! పేలుళ్లలో పోయినవాళ్లు వేరే. ఆ శ్రామికులకు కంపెనీ ఇళ్లు కట్టించింది, బడి పెట్టింది. ఆ ఊరు కంపెనీది, ఆ బతుకూ కంపెనీదే.

ఫ్యాక్టరీ మూతపడ్డాక స్థలం రియల్ ఎస్టేటువాళ్ల చేతిలో పడింది. ధనికుల పడవలకు రేవూ, ఇళ్లూ కడతామన్నారు. స్థానికులు ఎదురుతిరిగారు, ఏళ్ల తరబడి గొడవ జరిగింది, చివరికి 1998లో తీర పరిరక్షణ సంస్థ కొన్నది. జిల్లా పాలకవర్గం బాగుచేయించి 2008లో జనానికి తెరిచింది. ప్రవేశానికి రుసుము లేదు. ఫ్యాక్టరీ చరిత్ర చెప్పే ప్రదర్శన వుంది, పాత కాటలాన్ చేపపడవలను బాగుచేసే పనిచోటు వుంది. ఇది గెలుపు. చిన్న గెలుపని నేను అనను. విశాఖనుంచి భీమిలిదాకా వొడ్డున నడిచినవాడికి దీని విలువ తెలుస్తుంది.

అయినా రాజ్యం చేతిలో వున్నది ప్రజల చేతిలో వున్నట్టేనా? ఫ్రాన్సులో తీరపు ఇసుక రాజ్యానిదేనని 1681 నాటి నౌకా శాసనమే చెప్పింది, అంటే పద్నాలుగో లూయీ నాటినుంచీ. 1939 ఫిబ్రవరిలో స్పెయిన్ రిపబ్లిక్ కూలిపోయి నాలుగైదు లక్షలమంది ఈ కొండలుదాటి వచ్చారు. పోలీయ్‌కి ఉత్తరాన, ఎంతో దూరం లేదు, అర్జెలెస్ అనే చోట ఆ రాజ్యపు ఇసుకమీదనే ముళ్లకంచె వేసి వాళ్లను లోపలికి తోశారు. మొదట్లో పైన కప్పు కూడా లేదు, చలిలో ఇసుక తవ్వుకుని పడుకున్నారు. ఇసుక అప్పుడూ ప్రభుత్వ ఆస్తే. అంతదూరం ఎందుకు, 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరుదాకా ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొట్లు సర్కారువే. ఆ అయిదేళ్లు మద్యం వ్యాపారం సమాజపరమైందని ఎవరైనా అన్నారా? కొట్టు చేతులు మారిన రోజున కౌంటరులో కాంట్రాక్టుమీద నిలబడ్డవాడు వీధిలో పడ్డాడు, ఆ కొట్టులో తనకేమైనా వాటా వుందేమోనని అతను ఒక్కసారి కూడా అనుకొని వుండడు. మన మిత్రుడు మాత్రం ఫ్రాన్సు ఇసుకలో ప్రజల వాటా చూశాడు.

సరే, రాజ్యాన్ని వదిలేద్దాం. సహకార సంఘం మాటేమిటి? మూతి విరిచేవాళ్లు కూడా కాస్త ఆగి వినవలసింది ఇక్కడే.

దక్షిణ ఫ్రాన్సు ద్రాక్షరైతు సహకార సంఘంలోకి ఎవరో ప్రబోధిస్తే రాలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వైన్ ధర నేలకు జారింది. ఒకపక్క పంట ఎక్కువ, మరోపక్క పంచదార నీళ్లతో దొంగ వైన్ చేసే వర్తకులు. చిన్నరైతుకు పీపాలు లేవు, నిలవపెట్టుకునే కొట్టు లేదు, కోసిన మర్నాడే వర్తకుడు చెప్పిన ధరకు అమ్ముకోవాలి. బెజియేర్ దగ్గర మరోసాన్ అనే ఊళ్లో 1901లో కొందరు రైతులు సంఘంగా కూడి, పారిస్‌లోని వినియోగదారుల సహకార సంఘాలకు తమ వైన్ నేరుగా అమ్మటం మొదలుపెట్టారు. మధ్యలో వర్తకుడు లేడు, రైతుకూ పారిస్ కార్మికుడికీ సూటిగా లంకె. 1905లో సొంతకొట్టు కట్టుకున్నారు. ఆ ఏడే జోరెస్ వెళ్లి చూసివచ్చి తన ల్యుమానితె పత్రికలో రాశాడు. ఆయన మెచ్చింది వైన్‌ను కాదు, ఆ లంకెను.

అటుతరవాత 1907. కాఫీకొట్టు నడుపుకునే మార్సెలాన్ ఆల్బేర్ అనే మామూలు మనిషి పిలిస్తే ఊళ్లకు ఊళ్లు కదిలాయి. జూన్ 9న మోంపెలియేలో అయిదు లక్షలు దాటారంటారు. నార్బోన్ మేయరు ఫెరూల్, సోషలిస్టు, పదవి వదిలేసి పన్నుల నిరాకరణకు పిలుపిచ్చాడు. క్లెమాన్సో సైన్యాన్ని పంపాడు, నార్బోన్‌లో కాల్చి చంపారు. తిరగబడ్డ పదిహేడో పటాలంలో వున్నది ఆ రైతుల బిడ్డలే. నెల ముగిసేలోగా దొంగ వైన్‌కు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. ఊరూరా సహకార కొట్లు వేగంగా లేచింది దాని తరవాతనే. బన్యుల్స్‌లో మొదటి సంఘం 1921లో, నాలుగు ఊళ్లకూ చెందిన సంఘాలను కలిపిన పెద్ద కూటమి 1950లో. కాల్పులు తిన్న ఉద్యమానికి పుట్టిన బిడ్డను చీట్ల కంపెనీ అనటానికి నోరెలా వస్తుంది?

ఇంకొకటి కూడా వుంది. 1940లో నాజీలనుంచి పారిపోయేవాళ్లకు పోలీసులు చూడని కొండదారి చెప్పినవాడు బన్యుల్స్ మేయరు అజేమా, సోషలిస్టు. ఆ సెప్టెంబరులో లీసా ఫిట్కో ఆ దారినే వాల్టర్ బెన్యమిన్‌ను స్పెయిన్‌లోకి నడిపించింది, అవతల పోర్‌బోలో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆ దారిన వెళ్లేవాళ్లు తెల్లవారకముందే, తోటపనికి పోయే కూలీల్లో కలిసి కొండ ఎక్కేవారు. వాళ్లకు మరుగిచ్చింది ఆ పనివాళ్ల గుంపు.

అయితే ఆ గుంపులో వున్నవాళ్లంతా సంఘ సభ్యులేనా? మిత్రుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. సంఘంలో సభ్యత్వం ద్రాక్ష తెచ్చేవాడికి. ద్రాక్ష తేవాలంటే తోట వుండాలి, సొంతానికో కౌలుకో. ఎన్ని ఎకరాలున్నా మనిషికి ఒకే ఓటు అన్నది సహకార న్యాయం. మంచిదే. కాని కోతలనాడు గంప మోసినవాడికి, కొట్టులో పీపాలు కడిగినవాడికి, భోజనశాలలో పళ్లెం తెచ్చినవాడికి ఆ పనిచేసినందుకుగాను ఓటు రాదు. వాళ్లు సంఘానికో సభ్యుడికో జీతగాళ్లు, అంతే. బన్యుల్స్ రైలుస్టేషను దగ్గర కోతలకు వచ్చిన ఒక కుర్రవాడితో మాట్లాడాను. ఏ సంఘం తోటలో పనిచేస్తున్నావంటే, సంఘమేదో తనకు తెలియదనీ, తెచ్చిన మేస్త్రీ పేరు మాత్రమే తెలుసనీ అన్నాడు. ఆ మేస్త్రీ ఫ్రెంచివాడైనా మనవాడైనా ఒకటే జాతి. 2023 కోతల్లో, ఉత్తరాన షాంపేన్ సీమలో, ఎండదెబ్బకు కూలీలు చచ్చిపోయారు. పశ్చిమాఫ్రికానుంచి వచ్చిన కూలీలను పశువులకన్న హీనంగా కుక్కి పని చేయించినందుకు 2025లో అక్కడి కోర్టు ముగ్గురికి మనుషుల అక్రమ రవాణా నేరంకింద శిక్ష వేసింది. ఆ సీమలోనూ సహకార సంఘాలు లేక కాదు.

పోనీ సభ్యుడైన చిన్నరైతు సుఖపడుతున్నాడా? మేలురకం వైన్ 30 నెలలు ముగ్గాలంటే అన్ని నెలలూ డబ్బు పీపాలో పడివుండాలి. సంఘం ద్రాక్షకు డబ్బు వాయిదాలమీద ఇస్తుంది. పెన్షనో మరో ఉద్యోగమో వున్నవాడు ఆగగలడు, తోటే ఆధారమైనవాడు ఎలా ఆగుతాడు? తియ్యని వైన్ తాగే అలవాటు ఫ్రాన్సులో కొన్ని దశాబ్దాలుగా తగ్గిపోతూవచ్చింది. దానిమీద 2022 మొదలు వరసగా ఆ జిల్లాను పట్టిన కరువు. కొడుకు పెర్పిన్యాన్‌లో ఉద్యోగం చూసుకుంటాడు, గోడ కూలుతుంది, ఎత్తేవాడుండడు, మెట్టుమీద తుప్పలు పెరుగుతాయి, వేసవిలో నిప్పు అంటుకుంటుంది. కొండ అందంగా కనపడటానికి ఆ గోడలే కారణం. చెట్లకింద బల్లదగ్గర మనం డబ్బిచ్చేది సగం ఆ దృశ్యానికే. ఆ గోడ ఎత్తినవాడికి దృశ్యపు కిరాయి ముట్టదు. కిరాయి వొడ్డుమీద వసూలవుతుంది, కూలి కొండమీద ఖర్చవుతుంది.

మార్క్స్ 1864లో ఇంటర్నేషనల్ ప్రారంభోపన్యాసంలో సహకార కర్మాగారాలను మెచ్చుకున్నాడని మొదటి రకంవాళ్లు గుర్తుచేస్తారు. నిజమే. యజమాని లేకుండానే పెద్ద ఎత్తున ఉత్పత్తి నడుస్తుందని అవి రుజువుచేశాయన్నాడు. అక్కడక్కడ కొద్దిమంది ప్రయత్నంగా మిగిలితే గుత్తాధిపత్యాన్ని అవి ఆపలేవని కూడా అదే ఉపన్యాసంలో అన్నాడు. రెండోరకంవాళ్లు రోజా లక్సెంబర్గును తెస్తారు. మార్కెట్లో పోటీ పడవలసిన ఉత్పత్తిదారుల సంఘంలో శ్రామికుడు తనమీద తానే యజమానిలాగా కొరడా ఝళిపించుకోవాలని ఆమె వాదించింది. బన్యుల్స్‌లో ఆ మాట సగం నిజం. తనమీద కొరడా ఝళిపించుకునే సభ్యుడూ వున్నాడు, ఆ కొరడాను గంప మోసేవాడిమీదికి తిప్పగలిగిన సభ్యుడూ వున్నాడు. వీళ్లిద్దరినీ సంఘంపేరు ఒకే గొడుగుకింద దాస్తుంది.

ఈ విషయంలో మన గీతకార్మికుల సంఘాలు, కాగితంమీదనైనా సరే, బన్యుల్స్‌కన్న ఒకడుగు ముందున్నాయి. చెట్టు ఎవరిదైనా, చెట్టెక్కేవాడే సభ్యుడు. ఆ నియమం వెనక బినామీ కాంట్రాక్టర్లు దూరి ఎన్ని సంఘాలను తినేశారో తెలంగాణలో ఏ కల్లుమండువలో అడిగినా చెబుతారు. చేనేత సంఘాల్లో మాస్టర్ వీవర్లు చేసిందీ అదే. అయినా నియమం సరైనది, దాన్ని చెడగొట్టినవాడిమీద పోరాడటానికి చేతిలో ఒక ఆయుధంగా పనికివస్తుంది. బన్యుల్స్ కూలీకి అటువంటి నియమమే లేదు, కనక అతని హక్కును ఎవరూ అపహరించనక్కరలేదు.

నియమం మార్చటానికి మార్గం లేదా అంటే వుంది. ఫ్రాన్సులో 2001 జులైలో సమష్టి ప్రయోజన సహకార సంఘాలకోసం ఒక చట్టం వచ్చింది. దానికింద పెట్టిన సంఘంలో పనిచేసేవాళ్లకూ, సరుకు వాడుకునేవాళ్లకూ, ఊరి పాలకవర్గానికీ కలిపి వాటాలుండవచ్చు. 2014లో స్థానిక పాలకవర్గాల వాటా హద్దును సగందాకా పెంచారు కూడా. ప్రజలకు వాటా అనేమాట ఎక్కడైనా అక్షరాలా చెల్లితే అటువంటి చోట చెల్లాలి. తోటలన్నిటినీ రేపే కలిపేయమని నేననటంలేదు. ఆ వొడ్డున జరిగే వ్యాపారంలో భోజనశాల వుంది, అమ్మకాల కొట్టు వుంది, దృశ్యపు కిరాయి వసూలయ్యేది వాటిలోనే. సంఘమూ, ఊరి పాలకవర్గమూ, వంటవాళ్లూ, కోతకూలీలూ కలిసి అటువంటి కొట్టొకటి, అటువంటి భోజనశాల ఒకటి పెట్టుకోవటానికి చట్టం అడ్డం రాదు. వచ్చే లాభంలోంచి ముందుగా గోడలకు ఇంతని తీసిపెట్టి, గోడ ఎత్తిన మనిషికి సర్వసభ్య సమావేశంలో ఒక ఓటు ఇవ్వటానికీ అడ్డం రాదు. మిత్రుడు ఆ బల్లదగ్గర కూర్చుని ప్రజల వాటాను మెచ్చుకునేబదులు, బన్యుల్స్ సంఘం కార్యదర్శికి ఈ సంగతిమీద ఒక ఉత్తరం రాస్తే బాగుండేది. నాకు రాసినదానికన్న చిన్నదే సరిపోతుంది.